పలక మీది మంచు

మంచు తుఫాను వెలిసిన మర్నాడు అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లోని వాతావరణ ప్రియులు తమ తమ పెరళ్లలో ఎన్ని అంగుళాలు కురిసిందో ఒకరికొకరు చెప్పుకొంటారు. ఆ లెక్కలు ఒకే వీధిలో సైతం పొసగకపోవడం, పెద్ద సంఖ్య చెప్పినవారి మాటకే విలువ పెరగడం ఏటా శీతకాలంలో చికాకు కలిగించే విషయం. గాలి గోడవారకు పోగుచేసిన దిబ్బలో స్కేలు గుచ్చి చెప్పేది కొలత కాదని, పరికరం కంటే పాటింపు ముఖ్యమని ఈ శీర్షిక పలుమార్లు వాదించిన సంగతి పాఠకులకు తెలిసినదే.

మంచు విషయంలో పాటింపు ఒక చెక్క పలకతో మొదలవుతుంది. తెల్లరంగు వేసిన, సుమారు రెండడుగుల చదరపు ప్లైవుడ్ ముక్కను గాలి తాకిడి తక్కువగా ఉండే ఆరుబయట ముందుగానే పరిచి, అది మంచులో మునిగిపోయినా చోటు తెలిసేలా పక్కన ఒక జెండా పాతుతారు. ముదురు రంగైతే ఎండకు వేడెక్కి మంచును కరిగిస్తుంది కనుక తెలుపే వేస్తారు. పలక మీద నిలిచినదాన్ని అంగుళంలో పదో వంతు వరకు కొలిచి, తుడిచి, కొత్త మంచు పైభాగాన మళ్లీ పరుస్తారు. ఆరు గంటలకు ఒకసారికి మించి తుడవకూడదు, ఎందుకంటే అప్పుడే పడిన మంచు తన బరువుకు తానే అణగిపోతుంది గనుక, గంటగంటకూ తుడిచి కూడితే ఆ అణగడం లెక్కలోకి రాక మొత్తం ఉబ్బిపోతుంది.

లోతు తెలిసినంత మాత్రాన నీరు తెలియదు. పది అంగుళాల మంచుకు ఒక అంగుళం నీరు అన్నది మోటు లెక్క మాత్రమే; తడి మంచులో నీరు అంతకంటే ఎక్కువ, రాకీ పర్వతాల పొడి మంచులో బాగా తక్కువ. అందుకే పరిశీలకుడు వానమాపకం వెలుపలి గొట్టంలో పడిన మంచును ఇంట్లోకి తెచ్చి, కొలిచిన గోరువెచ్చని నీటిని అందులో పోసి కరిగించి, అంతటినీ గరాటుతో సన్నని లోపలి గొట్టంలోకి వంచి, తాను పోసిన నీటిని తీసివేసి, మిగిలినదాన్ని రాసుకొంటాడు. మెట్ట పొలాల తెలుగు రైతుకు ఈ భేదం విడమరచి చెప్పనక్కరలేదు. ఎంత వాన పడిందని కాక, దుక్కికి పదును అయిందా అని అతడు అడుగుతాడు. పదును అంటే నేలలోకి నాగలి సాగేంతగా ఇంకిన తడి, అనగా ఆకాశం ఇచ్చినది కాక భూమి పుచ్చుకొన్నది. మంచు కరిగించి నీటిని కొలిచేవారు వెతికేదీ చివరకు అదే.

అయితే కట్టుదిట్టమైన పాటింపు కూడా తుఫానుకు తల వంచిన సందర్భాలున్నాయి. 2016 జనవరి తుఫానులో వాషింగ్టన్ నగరం పక్కనున్న రీగన్ విమానాశ్రయంలో పరిశీలకుల పలక మంచులో కూరుకుపోయి దొరకకుండా పోయింది, అక్కడ 17.8 అంగుళాలు నమోదు కాగా, నగరానికి పడమటనున్న డలెస్ విమానాశ్రయంలో 29.3 అంగుళాలు నమోదైంది. అదే తుఫానులో న్యూయార్క్ సెంట్రల్ పార్కు లెక్క తొలుత 26.8గా వెలువడి, 2006 నాటి 26.9 రికార్డుకు పదో వంతు దూరాన ఆగిపోయింది. తర్వాతి సమీక్షలో అది 27.5గా మారి కొత్త రికార్డయింది.

లెక్కలు పొసగనంత మాత్రాన వాటిని తప్పులని కొట్టివేయడానికీ వీలులేదు. 1997 జూలైలో కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌ను వరద ముంచెత్తినప్పుడు పట్టణానికి నైరుతిన పద్నాలుగు అంగుళాలకు పైగా వాన పడగా, తూర్పున రెండు అంగుళాలు కూడా పడలేదు. ఆ తేడాను పట్టుకోవడానికే 1998లో అక్కడ పెరటి పరిశీలకుల బృందంగా మొదలైన కోకోరాజ్ నేడు అమెరికా అంతటా వాన, వడగళ్లు, మంచు కొలతలు సేకరిస్తోంది. ఇరుగుపొరుగు లెక్కలు వేరైనప్పుడు ఆకాశమే వేరుగా కురిసి ఉండవచ్చు.

ఇంతకూ పలక, ఆరు గంటల నియమం లేని రోజుల రాతలకు విలువ లేదా? 1772 జనవరి చివర వర్జీనియాలో కురిసిన మంచును థామస్ జెఫర్సన్ సుమారు మూడడుగులని రాశాడు; జార్జ్ వాషింగ్టన్ అడుగుల మాట ఎత్తక, ఎత్తైన గుర్రం రొమ్ము దాకా ఉందని రాశాడు. ఏ నియమావళీ ఒప్పని కొలత అది, అయినా ఎత్తు దేనితో పోల్చాడో చెప్పినందువల్ల రెండున్నర శతాబ్దాల తరువాతా చరిత్రకారులకు పనికివస్తోంది. ఈ శీర్షిక ఇన్నాళ్లూ నిరసించిన దిబ్బ కొలతకు సైతం, దిబ్బలో కొలిచామన్న ఒక్క మాట పక్కన చేరితే, చోటు ఇవ్వవలసిందే. కనుక న్యూజెర్సీలోనో వర్జీనియాలోనో ఉంటున్న తెలుగువారు ఈ శీతకాలం పలక పరిచినా పరచకపోయినా, కొలిచిన చోటు, వేళ, తీరు మాత్రం రాసి ఉంచాలి.

వాషింగ్టన్ 1799 డిసెంబరు 13న తన దినచర్యలో ఉదయం మంచు కురుస్తోందని, మూడంగుళాల లోతు ఉందని, గాలి ఈశాన్యమని, రాత్రి ఉష్ణమాపకం 28 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపిందని రాసుకొన్నాడు. మర్నాటి రాత్రి ఆయన మరణించాడు. ఆ దినచర్యలో అదే చివరి నమోదు.