దావీదు వీరుల పట్టిక

సమూయేలు రెండవ గ్రంథమున 23వ అధ్యాయమందు దావీదు వీరుల పట్టిక యొకటి గలదు. పేర్ల వరుసయే గదా యని చదువరులు పెక్కండ్రు దానిని దాటిపోవుదురు. మా యభిప్రాయమున నా గ్రంథమందలి మిక్కిలి శ్రద్ధతో కూర్చిన పుటలలో నిది యొకటి.

తరతమములు దాచబడలేదు. మొదట ముగ్గురు; వారికి దిగువ అబీషై, బెనాయాలు; పిమ్మట తక్కినవారు. అబీషై యీటెతో 300 మందిని గూల్చెను. బెనాయా మంచు గురిసిన దినమున గోతిలోనికి దిగి సింహమును జంపెను. అయినను వీరు మొదటి ముగ్గురికి సాటి రాలేదని గ్రంథకర్త నిష్కర్షగా వ్రాసెను. మఱి యా ముగ్గురిలో నొకడగు షమ్మా చేసిన దేమి? జనులందఱు పాఱిపోగా మసూర చేని నడుమ నొంటరిగా నిలిచి ఫిలిష్తీయులనుండి దానిని గాచెను. సింహమును జంపినవానికంటె పప్పుచేను గాచినవాడు పైమెట్టున నున్నాడు!

దిగువమెట్టు అవమానమును గాదు. బెనాయాను దావీదు తన యంగరక్షకులకు నాయకుని జేసెను. భారతమున ఉద్యోగపర్వమందు భీష్ముడు కర్ణు నర్ధరథుడనగా, నాతడు భీష్ముడు జీవించియున్నంతవఱకు యుద్ధము చేయనని యలిగెను. అచ్చట గణనము సేనను చీల్చినది. ఇచ్చట లోటు చెప్పిన నోటనే గౌరవమును చెప్పబడినది.

ఇంతకంటె విచిత్రము, సేనాపతియగు యోవాబునకు పట్టికలో స్థానము లేకుండుట. అతని యాయుధములు మోసిన నహరైకి మాత్రము కలదు. యోవాబు పేరు వచ్చునది సోదరుల చెంతను, ఈ నహరై చెంతను మాత్రమే. కారణము గ్రంథము చెప్పదు. మోసినవానికి స్థానమిచ్చుట మాత్రము దావీదు పరివారమున కొత్త గాదు. పూర్వము బెసోరు వాగు కడ 400 మంది శత్రువులను తఱుమబోగా, డస్సిన 200 మంది సామగ్రి యొద్ద నిలిచిరి. పోరినవారికిని నిలిచినవారికిని సమభాగమే యని దావీదు తీర్పు చెప్పెను.

అట్టి తీర్పరియే ఊరియా భార్యను గైకొని, ఊరియాను పోరు ముమ్మరమైనచోట నిలిపి చంపింపుమని యోవాబునకు లేఖ వ్రాసి, దానిని ఊరియా చేతికే యిచ్చి పంపెను. పట్టికలో కడపటి పేరు హిత్తీయుడగు ఆ ఊరియాదే. దినవృత్తాంతముల గ్రంథకర్త బత్షెబ కథను విడిచిపెట్టి, ఊరియా పేరు తరువాత మఱి పెక్కు పేర్లు చేర్చెను; అందుచే నచ్చట నది పదిమందిలో నొక పేరైనది. సమూయేలు గ్రంథమున నా పేరు తరువాత నున్నది మొత్తము 37 అను లెక్క మాత్రమే.