డ్రోన్ నియంత్రణ ఫలకము: ఎంపికలో ఒక పొరపాటు

నాలుగు మోటారులు, నాలుగు ప్రొపెల్లర్లు గల చిన్న డ్రోన్ తనంతట తాను గాలిలో నిలువలేదు. అరచేతిపై కర్రను నిలబెట్టిన బాలుడు దాని వాలును కనిపెట్టుచు చేతిని ఎట్లు జరుపుచుండునో, అట్లే డ్రోన్ వాలును క్షణక్షణము కనిపెట్టి, ఏ మోటారు వేగమును పెంచవలెనో, దేనిని తగ్గించవలెనో నిర్ణయించు సాధనము కావలెను. అదే ఫ్లైట్ కంట్రోలరు, అనగా నియంత్రణ ఫలకము. సాధారణముగా ఇది అగ్గిపెట్టెకంటె పెద్దది కాదు.

అభిరుచి కొలది డ్రోన్లు కట్టువారిలో ఈ ఫలకమును దాని ప్రాసెసరు పేరుతోనే పిలుచు అలవాటు స్థిరపడినది: ఎఫ్ 4, ఎఫ్ 7, హెచ్ 7. ఇవి ఎస్.టి.ఎం. 32 కుటుంబమునకు చెందిన చిప్పుల తరగతులు. ఎఫ్ 405 చిప్పు 168 మెగాహెర్ట్జ్, ఎఫ్ 722 చిప్పు 216 మెగాహెర్ట్జ్, హెచ్ 743 చిప్పు 480 మెగాహెర్ట్జ్ వేగముతో పనిచేయగలవు. అంకె పెరిగిన కొలది ఫలకము మేలైనదను భావము దీనినుండియే పుట్టినది. విద్యార్థులచేత డ్రోన్ కట్టింపదలచిన ఉపాధ్యాయుడు సైతము ఈ అంకెను చూచియే పాఠశాలకున్న కొద్ది సొమ్మును వెచ్చించు అవకాశమున్నది. ఈ కొలబద్ద సరియైనది కాదు.

లెక్క వేసినచో విషయము తేలును. గైరో సెకనుకు 8,000 మారులు కొలత ఇచ్చుననుకొన్నచో, ఒక కొలతకు మరియొక కొలతకు నడుమ 125 మైక్రోసెకనుల వ్యవధి ఉండును. ఆ వ్యవధిలో 168 మెగాహెర్ట్జ్ ప్రాసెసరునకు 21,000 స్పందనలు లభించును. మోటారు, ప్రొపెల్లరులకు మాత్రము జడత్వమున్నది. క్రొత్త వేగమును అందుకొనుటకు వాటికి పదుల మిల్లీసెకనులు పట్టును. ఆజ్ఞ ఇచ్చువాడు ఎంత తొందరపడినను, పాటించువాడు తన నడకనే నడచును.

అసలు చిక్కు కంపనములలో ఉన్నది. నిమిషమునకు 24,000 భ్రమణములు చేయు మోటారు సెకనుకు 400 మారులు తిరుగును. ప్రొపెల్లరు బరువు ఏమాత్రము ఒక ప్రక్కకు మొగ్గియున్నను చట్రమంతయు 400 హెర్ట్జ్ పౌనఃపున్యముతో అదరును. వాలుటకును అదరుటకును గల భేదము గైరోకు తెలియదు. దానికి రెండును కోణీయ వేగములే. ఫలకము చేయు గణనములో మూడు అంశములున్నవి: దోషము ఎంత, అది ఎంతగా పేరుకొన్నది, ఎంత త్వరగా మారుచున్నది. ఈ మూడవదానిలోనే ప్రమాదము దాగియున్నది. సైను తరంగముయొక్క మార్పు రేటు దాని కంపన పరిమితికే గాక పౌనఃపున్యమునకును అనులోమానుపాతములో ఉండును. కావున 5 హెర్ట్జ్‌తో వచ్చు నిజమైన ఊపు, 400 హెర్ట్జ్‌తో వచ్చు అదురు, రెండును గైరోలో సమాన పరిమితితో కనబడినచో, మూడవ అంశములో అదురు ఊపుకంటె 80 రెట్లు పెద్దదగును. ఆ అబద్ధపు ఆజ్ఞలను పాటింపబోయి మోటారులు వేడెక్కును; ఒక్కొక్కప్పుడు కాలిపోవును. ప్రాసెసరు వేగము హెచ్చినంత మాత్రమున ఈ అబద్ధము నిజము కాదు. తప్పు కొలతను అది మరింత త్వరగా లెక్కగట్టును, అంతే.

వడపోత లెక్కలకు గణనశక్తి అవసరమే. ప్రతి మోటారు వేగమును తెలిసికొని, సరిగా ఆ పౌనఃపున్యమునే తొలగించు వడపోత 2019లో బీటాఫ్లైట్ అను సాఫ్ట్‌వేరులో చేరినది. ఐనను ఎఫ్ 405 దీనిని నిర్వహింపగలదు. గైరోల విషయములో కూడ అంకెల వ్యామోహము ఒకప్పుడు బలముగా ఉండెడిది. సెకనుకు 32,000 కొలతలిచ్చు పద్ధతిని గొప్పగా చెప్పుకొనిరి; అదే 2019లో వెలువడిన బీటాఫ్లైట్ 4.0 దానిని తొలగించినది. నేడు పెక్కు ఫలకములలో కనబడు బి.ఎం.ఐ. 270 గైరోను ఆ సాఫ్ట్‌వేరు సెకనుకు 3,200 మారులు మాత్రమే చదువును. వీటితో కూడ డ్రోన్లు చక్కగనే ఎగురుచున్నవి.

పేరులోని అంకె మరియొక చోట కూడ తప్పుదారి పట్టించును. ఎఫ్ 405 చిప్పులో ప్రోగ్రాము నిలువచేయు మెమరీ 1 మెగాబైటు. వేగములో దానిని మించిన ఎఫ్ 722 ఫలకములలో సాధారణముగా అది 512 కిలోబైట్లే. పేరు గొప్ప ఊరు దిబ్బ అనుట ఎఫ్ 7 కు అన్యాయమే. రిసీవరునుండి తలక్రిందులుగా వచ్చు సంకేతమును అదనపు భాగము లేకయే అది గ్రహింపగలదు. కాని తనంతట ఒక చోట నిలిచి, మ్యాపు ప్రకారము తిరిగి వచ్చు డ్రోన్ కావలెనన్నచో ఆర్డూపైలట్ వంటి పెద్ద సాఫ్ట్‌వేరు అవసరము. అప్పుడు వేగముకంటె మెమరీయే ముఖ్యము, దానితోపాటు జి.పి.ఎస్., దిక్సూచి, భారమితి కావలెను. నేలకు దగ్గరగా 1 మీటరు ఎత్తు పెరిగినచో వాతావరణ పీడనము సుమారు 12 పాస్కలులు మాత్రమే తగ్గును. ప్రొపెల్లర్ల గాలియే ఇంత తేడా తేగలదు. అందువలన భారమితిపై చిన్న స్పాంజి ముక్క అతికించుట వాడుక.

మరియొకటి చూడవలసినది సాఫ్ట్‌వేరు ఆయుర్దాయము. ఎఫ్ 3 తరగతి ఫలకములకు బీటాఫ్లైట్ 4.1 నుండి, అనగా 2019లోనే, మద్దతు ఆగిపోయినది. చెడిపోని ఫలకములు అటకెక్కినవి. పాత సరకు చౌకగా దొరికినదని కొనువారు దీనిని విచారించుకొనవలెను.

పాఠశాల అవసరములకు ఎఫ్ 405 చిప్పు, భారమితి ఉండి, మరలను రబ్బరు మెత్తలలో బిగించుటకు వీలుగా రంధ్రముల నడుమ 30.5 మిల్లీమీటర్ల దూరమున్న ఫలకము చాలును. దానిని ఎగురవేయుటకు ముందు ప్రొపెల్లర్లను ఊడదీసి, కంప్యూటరునకు కలిపి, చేతితో అటునిటు వంచినచో గైరో గీత తెరపై లేచి పడుచుండును. పిమ్మట ఫలకమును బల్లపై కదలకుండ ఉంచి, బల్లను వ్రేలితో తట్టవలెను. తెరపై గీత మరల ఉలికిపడును.