సూసన్‌కి పాట లేదు

అమెరికాలో ఉండే మా బాబాయి కూతురు 2006లో సెలవులకి వచ్చినప్పుడు ఒక సీడీ తెచ్చిచ్చింది. 'ది క్రానికల్స్ ఆఫ్ నార్నియా: ది లయన్, ది విచ్ అండ్ ది వార్డ్‌రోబ్' సినిమా ప్రేరణతో చేసిన క్రైస్తవ పాటల ఆల్బం. "అక్కా, నువ్వు చర్చి క్వయర్‌లో పాడేదానివి కదా, నచ్చుతుంది" అంది. సినిమా అప్పటికే చూశాను. ఈ పాటలు అందులో ఎక్కడ వచ్చాయా అని చాలాసేపు తడుముకున్నాను. ఎక్కడా రాలేదు. అట్ట మీద ఉన్న 'ప్రేరణతో' అన్న మాటకి అర్థం అదేనట.

ఇదొక వ్యాపార పద్ధతి. 1998లో 'ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్' సినిమాకి మూడు ఆల్బంలు వచ్చాయి. ఒకటి అందరికీ, ఒకటి నాష్‌విల్ కంట్రీ సంగీతం వినేవాళ్ళకి, ఒకటి భక్తులకి. 2004లో 'ది పాషన్ ఆఫ్ ది క్రైస్ట్' తర్వాత, చర్చికి వెళ్ళే ప్రేక్షకులు ఎంత పెద్ద బజారో హాలీవుడ్‌కి బాగా తెలిసొచ్చింది. 2005లో డిస్నీ, వాల్డెన్ మీడియా నార్నియా తీసినప్పుడు సినిమా ఆల్బం ఒకటి, చర్చి వాళ్ళకి ఈ ఆల్బం ఒకటి వచ్చాయి. నాకు ఆసక్తి కలిగింది ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు.

సినిమా ఆల్బంలో హారీ గ్రెగ్సన్-విలియమ్స్ నేపథ్య సంగీతం తర్వాత నాలుగు పాటలున్నాయి. వాటిలో మూడు ఆడవాళ్ళు పాడినవి: ఇమోజెన్ హీప్, అలానిస్ మోరిసెట్, లిస్బెత్ స్కాట్. క్రైస్తవ ఆల్బంలో జార్స్ ఆఫ్ క్లే, స్టీవెన్ కర్టిస్ చాప్‌మన్, జెరెమీ క్యాంప్, టోబీమాక్, కట్‌లెస్, డేవిడ్ క్రౌడర్ బ్యాండ్... వరస చూస్తే మగ గొంతులదే రాజ్యం. ముఖ్యగాయనులు ముగ్గురే: రెబెకా సెయింట్ జేమ్స్, నికోల్ నార్డెమన్, బెథనీ డిలన్. వాళ్ళ పాటలు బాగాలేవని కాదు. ముఖ్యంగా నార్డెమన్, సందేహాన్ని పాపంగా చూడకుండా పాట కట్టగలిగిన అరుదైన మనిషి. రెబెకా సెయింట్ జేమ్స్ వేరే. పెళ్ళిదాకా పవిత్రంగా ఉంటానని కాబోయే భర్తకి మాటిచ్చే 'వెయిట్ ఫర్ మీ' అనే పాట 2000లో ఆమె పాడింది. ఒక తరం ఆడపిల్లలకి అది ప్రతిజ్ఞలాంటిది. ఈ ఆల్బంలో ఆమెకి దక్కిన పాట పేరు 'లయన్'.

సింహానికి పాట ఉంది. ఎడ్మండ్‌ని ప్రలోభపెట్టిన టర్కిష్ డిలైట్ మిఠాయికి కూడా ఉంది. మంత్రగత్తెకి లేదు, సూసన్‌కి లేదు. మంత్రగత్తె సంగతి అర్థమవుతుంది. టిల్డా స్వింటన్ తెరమీద ఎంత చల్లగా వెలిగినా ఆవిడకి భక్తిపాట ఎవరు కడతారు! కానీ సూసన్?

అస్లాన్ చావబోయే రాత్రి అతని వెంట నడిచింది ఎవరు? సూసన్, లూసీ. అన్న పీటర్ గానీ, ఎడ్మండ్ గానీ కాదు. బలి కళ్ళారా చూసింది వీళ్ళు, శవం పక్కన తెల్లవార్లూ ఏడ్చింది వీళ్ళు, తిరిగి లేచిన సింహాన్ని మొదట చూసిందీ వీళ్ళే. సువార్తల్లో తెల్లవారకముందే సమాధి దగ్గరికి వెళ్ళిన స్త్రీల కథ ఇది. సి. ఎస్. లూయిస్‌కి ఆ విషయం తెలుసు, కావాలనే అలా రాశాడు. అదే పుస్తకంలో క్రిస్మస్ తాత సూసన్‌కి విల్లు ఇచ్చి, యుద్ధంలో మాత్రం దిగొద్దంటాడు. ఆడవాళ్ళు పోరాడితే యుద్ధం వికారంగా ఉంటుందని లూసీతో చెప్తాడు. సినిమావాళ్ళు ఆ మాటలోంచి ఆడవాళ్ళని తీసేసి, యుద్ధాలన్నీ వికారమైనవే అనిపించారు. చివర్లో సూసన్ చేత బాణం కూడా వేయించారు. 1950 నాటి పుస్తకాన్ని డిస్నీ కాస్త సరిదిద్దింది. చర్చి ఆల్బంకి ఆ మాత్రం అవసరం కూడా అనిపించలేదు.

ఏడో పుస్తకం 'ది లాస్ట్ బ్యాటిల్' (1956) చదివినవాళ్ళకి తర్వాతి సంగతి తెలుసు. రైలు ప్రమాదంలో అన్న, తమ్ముడు, చెల్లెలు, అమ్మానాన్న అందరూ పోయి అసలైన నార్నియాకి చేరతారు. సూసన్ చేరదు. ఆమెకిప్పుడు మేజోళ్ళు, లిప్‌స్టిక్, పార్టీల పిలుపులు తప్ప ఏమీ పట్టవని మిగతావాళ్ళు తేల్చేస్తారు. శవాలన్నిటినీ గుర్తుపట్టాల్సిన ఆ ఒంటరి అమ్మాయి గురించి లూయిస్ ఒక్క పేజీ రాయలేదు. ఆమె తన దారిలో తాను ఎప్పటికైనా అక్కడికి చేరవచ్చని 1957లో ఒక పిల్లవాడికి ఉత్తరం మాత్రం రాశాడు. 2004లో నీల్ గైమన్ కథే రాశాడు ఆమె కోసం.

ఆల్బం మొదటి పుస్తకానిది కదా, ఏడోదానితో దానికేం పని అని అడగొచ్చు. న్యాయమే. కానీ ఆ ఆల్బం కొన్నవాళ్ళలో చాలామంది ఏడు పుస్తకాలూ పిల్లలకి చదివి వినిపించినవాళ్ళు. సూసన్‌కి ఏమవుతుందో తెలిసిన ఇళ్ళు అవి.

నాకు మటుకు సూసన్ కొత్త మనిషి కాదు. మా క్వయర్‌లో నా పక్కన నిలబడి పాడే అమ్మాయి ఒక ఆదివారం లేతరంగు లిప్‌స్టిక్ వేసుకొచ్చింది. పురుషోత్తమ చౌదరి కీర్తనలు పుస్తకం చూడకుండా పాడేది తను. పాట మొదలవకముందే ఒక పెద్దాయన వచ్చి తనని వెనక బెంచీకి వెళ్ళమన్నాడు. వెళ్ళింది. తర్వాతి ఆదివారం రాలేదు. మేం ఎనిమిది మందిమి, ఎవరం ఏమీ అనలేదు. నేనూ అనలేదు. పాట శ్రుతిలోనే పాడాం.

అందుకే ఆ సీడీలో నేను వెతికింది సింహాన్ని కాదు.

2008లో రెండో సినిమా 'ప్రిన్స్ కాస్పియన్' వచ్చింది. దాని చివర పీటర్, సూసన్ ఇక నార్నియాకి తిరిగి రారని తేలుతుంది. సూసన్ కాస్పియన్‌ని ముద్దుపెట్టుకుని సెలవు తీసుకుంటుంది. పుస్తకంలో లేని ముద్దు అది. పిల్లలు వెళ్ళిపోతున్నప్పుడు ఒక పాట వస్తుంది, 'ది కాల్'. రాసి పాడింది రెజీనా స్పెక్టర్. మాస్కోలో పుట్టి, చిన్నప్పుడే కుటుంబంతో అమెరికా వలసపోయిన యూదు స్త్రీ. వెళ్ళిపోతున్న మనిషిని తప్పుపట్టకుండా సాగనంపే పాట అది. థియేటర్‌లో లైట్లు వెలిగినా నేను కూర్చునే ఉన్నాను.

ఆ పాట నా స్నేహితురాలికి పంపాను. తనిప్పుడు వేరే ఊళ్ళో పిల్లలకి సంగీతం నేర్పుతోంది. విని ఫోన్ చేసింది. "ఏ స్కేల్‌లో పాడిందే ఈ అమ్మాయి?" అని అడిగింది, ఇంకేం అడగలేదు.