ఉల్లి వేరు కొనలో క్రోమోజోములు

కణవిభజనను కళ్లారా చూడాలంటే ఒక ఉల్లిపాయ చాలు. గడ్డ అడుగు నీళ్లకు తగిలేలా గ్లాసు అంచు మీద నిలబెడితే మూడు నాలుగు రోజుల్లో తెల్లటి వేళ్లు దిగుతాయి. వేరు పొడవు పెరగడానికి కావలసిన కొత్త కణాలు కొన దగ్గరే పుడతాయి. కాబట్టి చివరి రెండు మిల్లీమీటర్లే పనికొస్తాయి.

కత్తిరించిన కొనలను మూడు పాళ్ల ఆల్కహాలు, ఒక పాలు అసిటిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో వేస్తారు. ఏ కణం ఏ దశలో ఉంటే అక్కడే ఆగిపోతుంది. తరవాత సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కాసేపు ఉంచితే వేరు మెత్తబడుతుంది. కొనను స్లైడు మీద పెట్టి, ఎసిటోకార్మిన్ చుక్క వేసి, స్పిరిట్ దీపం మీద కొద్దిగా వెచ్చచేసి, కవర్ స్లిప్ మూస్తారు. పైన వడపోత కాగితం పరచి బొటనవేలితో నిలువుగా నొక్కాలి. పనంతటిలో కష్టమైంది ఈ నొక్కడమే. వేలు పక్కకు జరిగితే కణాలు నలిగి చుట్టుకుపోతాయి; బలం చాలకపోతే ఒకదాని మీద ఒకటి పడి మసకగా ఉంటాయి. నాలుగైదు స్లైడులు పాడైతే గాని చేయి కుదరదు.

సూక్ష్మదర్శినిలో ముందుగా కనిపించేవి కణాలు. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కలో అరలు చూసి, చిన్న గది అనే అర్థంలో ‘సెల్’ అన్నాడు. ఆయన చూసినవి చచ్చిన కణాల గోడలు. తెలుగులో ‘కణం’ అంటే గది కాదు, రేణువు. భౌతికశాస్త్రంలోనూ ఇదే మాట ఉండటంతో పిల్లలు తికమకపడతారు. స్లైడు చూపించి చెబితే ఆ ఇబ్బంది ఉండదు. 1831లో రాబర్ట్ బ్రౌన్ ‘న్యూక్లియస్’ అని పేరుపెట్టిన కేంద్రకం చాలా కణాల్లో గుండ్రంగా, ఎర్రగా కనబడుతుంది. అవి విభజన మొదలుకాని కణాలు.

కొన్నిటిలో మాత్రం గుండ్రటి కేంద్రకం ఉండదు, ఎర్రటి పోగులుంటాయి. అవే క్రోమోజోములు. రంగును బాగా పట్టుకుంటాయి కాబట్టి 1888లో వాల్డేయర్ ‘రంగు దేహం’ అనే అర్థం వచ్చేలా ఆ పేరు పెట్టాడు. అవి కణం నడుమ వరుసకడితే మధ్యస్థ దశ. విడిపోయి చెరో కొసకు సాగుతుంటే చలన దశ. జన్యువు మాత్రం ఈ స్లైడులో కనిపించదు. 1909లో జోహన్సెన్ ‘జీన్’ అన్నది వారసత్వపు ప్రమాణాన్ని. క్రోమోజోములోని డీఎన్ఏలో ఒక భాగమే జన్యువని తేలింది ఆ తరవాతే. క్రోమోజోము, జన్యువు అనే ఈ రెండు మాటలనూ ఒకటిగా వాడటం తప్పు.

ఉల్లి కణంలో క్రోమోజోములు 16. పెద్దవి కాబట్టి లెక్కపెట్టడం సులువు. మనిషి కణంలో 48 ఉంటాయని 1923 నుంచి ముప్పై ఏళ్లకు పైగా నమ్మారు. స్వీడన్‌లోని లుండ్‌లో జో హిన్ చియో, ఆల్బర్ట్ లెవాన్ కణాలను పలుచని ద్రావణంలో ఉబ్బించి, ఇలాగే స్లైడు మీద నొక్కి పరచి లెక్కించారు. 1956లో వాళ్లు ప్రకటించిన లెక్క 46.