ఉచ్చు, జిన్ను, కూటయంత్రము : శబ్దవిమర్శ

ఆంగ్లభాషయందు మృగపక్షులఁ బట్టు సాధనములకుఁ బెక్కు పేళ్లు గలవు. అందు ‘ట్రాప్’ అనునది త్రొక్కుట యను నర్థముగల పదములతోఁ జుట్టఱికము గలది. జంతువు కాలుపెట్టినతోడనే పట్టువడునని భావము. ‘స్నేర్’ అనునది నార్సు భాషనుండి వచ్చినది. త్రాడని దాని మూలార్థము. ఈ రెంటియందును వింత లేదు. విచారింపఁదగినది ‘జిన్’ అను మూఁడవ పదము.

జిన్ అనఁగానే కొందఱికి మద్యము స్ఫురించును. ఉర్దూ పరిచయముగల జగిత్యాల, కోరుట్ల ప్రాంతములవారికి భూతము స్ఫురించును. ప్రత్తి పండించు రైతునకు గింజ తీయు మర స్ఫురించును. ఆకారైక్యముఁ జూచి వీని నన్నిటి నొక్క మూలమునకుఁ గట్టుట సాహసము. మద్యవాచకము జూనిపరు చెట్టు పేరునుండి ఫ్రెంచి, డచ్చి భాషలమీఁదుగా వచ్చినది. భూతవాచకము అరబ్బీ. మర పేరును ఉచ్చు పేరును మాత్రమే యేకోదరములు. లాటినునందు ‘ఇంగేనియుం’ అనఁగా సహజప్రతిభ. అది ప్రాచీన ఫ్రెంచియందు ‘ఎంగిన్’ అయి, నేర్పు, ఉపాయము, పరికరము అను నర్థములఁ బడసి, ఆంగ్లమున నాద్యక్షరలోపముచే ‘జిన్’ అయ్యెను. ప్రతిభ నేర్పుగాను, నేర్పు ఉపాయముగాను, ఉపాయము మోసముగాను, మోసము దాని సాధనముగాను దిగిన క్రమము స్పష్టము. 1794లో ఎలీ విట్నీ పేటెంటు పొందిన ప్రత్తిమరకు నీ పేరే నిలిచినది. ఇనుప పండ్లతోఁ గాలు కఱచిపట్టు జిన్ను క్రూరసాధనమని ఇంగ్లండు, వేల్సులందు 1958లో నిషిద్ధమైనది. ఆ లాటిను పదములోని ‘గెన్’ అను భాగము సంస్కృతమందలి ‘జనీ’ ధాతువునకు సోదరము. పుట్టుకతో వచ్చిన బుద్ధికిఁ బెట్టిన పేరు తుదకుఁ గుందేటి కాలు విఱుచు నినుమునకుఁ జెందినది.

‘ఇంజనీరు’ శబ్దమును నీ కుటుంబములోనిదే. జగిత్యాలలోని నక్షత్రాకారపుఁ గోటను గట్టిన జాక్, టాల్ అను నిరువురు ఫ్రెంచి ఇంజనీర్ల పేళ్లు కలిసి ఊరిపేరయ్యెనని లోకులు చెప్పుదురు. పదునెనిమిదవ శతాబ్దపు ఆ కోటయందు ఐరోపా దుర్గనిర్మాణపు ఛాయ యున్నమాట నిజమే. కాని మంచిర్యాల, నంద్యాల, గద్వాల యను పేళ్ల చివర వినవచ్చునదే జగిత్యాల చివరను వినవచ్చుచుండఁగా, టాల్ అను ఫ్రెంచివానిని వెదకుట వ్యర్థశ్రమ. పై మూఁడూళ్లకును ముగ్గురు టాలులు దొరకవలసివచ్చును.

ఇఁక సంస్కృతము. అమరసింహుఁడు వీతంసము, ఉన్మాథము, కూటయంత్రము, వాగుర యని యీ సాధనముల పేళ్లు చెప్పెను. అలంకారార్థకమైన ‘తసి’ ధాతువునకు ఘఞ్ ప్రత్యయమును ఉపసర్గమునకు దీర్ఘమును రాఁగా వీతంస మగును. కర్ణభూషణమైన అవతంసమునకును ధాతువదియే. ఉచ్చు పిట్టమెడకు నగయని కవులు చమత్కరింపవచ్చును. ధాతువు లనేకార్థములని చెప్పి వైయాకరణుఁ డూరకుండును. పాణిని ‘ఆనాయ’ శబ్దమును జాలార్థమందే సాధించెను. తెచ్చుటకు సాధనమైనదని వ్యుత్పత్తి. అన్నిటికంటె నిచ్చట నుపయోగించునది కూటయంత్రము. యంత్రశబ్దము సంకోచార్థకమగు ‘యత్రి’ ధాతువునుండి పుట్టినది. బిగించునది, అడఁచునది యని యర్థము. ఆంగ్లమున బుద్ధివాచకము యంత్రమై పిదప నుచ్చైనది. సంస్కృతమున బంధనవాచకము యంత్రమైనది. అందుచేతనే మోసమును దెలుపవలసినపుడు కూటశబ్దమును వేఱుగఁ జేర్పవలసివచ్చెను.

తెలుఁగున నొక్కొక్క సాధనమునకు నొక్కొక్క క్రియ గలదు. ఉచ్చు పెట్టుదురు, వలఁ బన్నుదురు, ఉరు లొడ్డుదురు, ఏనుఁగునకు ఓదము త్రవ్వుదురు. బోనున నెలుకయుఁ బులియుఁ జిక్కును. న్యాయస్థానమున ముద్దాయియు నిలుచును. ఈ క్రియలన్నియు సకర్మకములు. పెట్టినవాఁడు, పన్నినవాఁడు లేక ఉచ్చును లేదు, వలయును లేదు. ఊబి యట్లు గాదు. అది తానై యుండును. దిగినవాని యజాగ్రత్తయే దోషము.

పత్రికలందు ‘డెట్ ట్రాప్’ అనుదానికి ‘అప్పుల ఉచ్చు’ అని కొందఱు, ‘అప్పుల ఊబి’ యని కొందఱు వ్రాయుచున్నారు. మొదటిది పరభాషానువాదమని నిరసించి, రెండవది జాతీయమని భాషాభిమానులు మెచ్చుదురు. ఈ మెప్పు పరీక్షింపఁదగినది. సిరిసిల్ల నేఁతపనివారి విషయమై యీ రెండుమాటలును దఱచు వాడఁబడినవి. అచ్చట మరమగ్గమును సాంచ యందురు. హిందీయందు సాంచా యనఁగా అచ్చు, గుజరాతీయందు సంచో యనఁగా యంత్రము. యజమాని నూలిచ్చును, ఆసామి తన సాంచలపై నేయించి కూలి గొనును, కార్మికుఁడు సాంచలు నడపును. ఈ మువ్వురి యప్పులు నొక్కజాతివి గావు. గిరాకి తగ్గి గుడ్డ నిలిచిపోవుటచే నైన యప్పునకు ఊబి యనుట యుక్తమే. వారవారము వాయిదాకై యింటికి వచ్చి, యొక యప్పు తీర్చుటకు వేఱొక యప్పు పుట్టించువారిచేఁ జిక్కినదానిని గూడ ఊబి యనినచో వాక్యమునఁ గర్త లోపించును. 2010 అక్టోబరులో సూక్ష్మఋణ సంస్థల వసూళ్లపై నాఁటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు చేసినది. చట్టము పన్నినవానిని పట్టఁగలదు గాని బురదను శాసింపలేదు గదా! కాఁబట్టి యిచ్చట పరభాషానువాదమని నిరసింపఁబడిన మాటయే యర్థమునకు దగ్గఱ.

కోరుట్ల, జగిత్యాలలనుండి గల్ఫు దేశములకుఁ బోవువారిని గుఱించి వ్రాయునపుడు ‘వలసయే వల’ యని శబ్దచమత్కారము చేయుట యొకటి ప్రబలినది. ఏజెంటు వల పన్నెననుట సాధువు. 1983 నాఁటి వలసల చట్టము ఏజెంట్లకు రిజిస్ట్రేషను విధించుటయు నందులకే. కాని వలసశబ్దమునకు వలతో సంబంధము గల్పింపరాదు. తెలుఁగు వల తమిళమున వలై, కన్నడమున బలె. వలస తమిళమున వలసై. కన్నడమున బకారము నొందక వలసెగానే యున్నది.