చంక కింది గీత

కృష్ణానగర్‌లో సినిమా ఫైటర్లకు పడటమే వృత్తి. మనిషి తూలగానే చెయ్యి తనంతట తానే నేలవైపు పోతుందని, దాన్ని అదుపులో పెట్టుకోవడానికి ఏళ్ల సాధన కావాలని వాళ్లకు బాగా తెలుసు. ఫుట్‌బాల్ నియమాల్లో పన్నెండోది చదివినప్పుడల్లా నాకు వాళ్లే గుర్తొస్తారు. అందులో హ్యాండ్‌బాల్ గురించి ఉన్న కొద్ది వాక్యాలు రాసినవాళ్లు ఒంటి కదలికను అంత దగ్గరగా చూశారు.

బంతి చేతికి తగిలిందంటే స్టాండ్స్‌లో జనం "హ్యాండ్" అంటూ లేచి నిలబడతారు. తగిలిన ప్రతిసారీ తప్పు కాదని నియమం ముందే చెబుతుంది. ఆటగాడు కావాలని ముట్టుకుంటే తప్పు, ఉదాహరణకు చేతిని బంతివైపు కదిపితే. లేదా చేతులతో ఒంటిని అసహజంగా పెద్దది చేసుకుంటే తప్పు. పనితనమంతా ఈ రెండో షరతులోనే ఉంది. ఎగిరేవాడి చేతులు పైకి లేస్తాయి, పరుగెత్తేవాడి చేతులు ఊగుతాయి. అందుకే చెయ్యి ఎక్కడుందని అడిగి నియమం ఊరుకోదు. ఆ క్షణంలో ఒళ్లు చేస్తున్న పనికి చెయ్యి అక్కడ ఉండటం సబబేనా అని అడుగుతుంది. సబబు కాకపోతే, బంతి తగిలే ప్రమాదాన్ని ఆటగాడే నెత్తికెత్తుకున్నట్టు లెక్క. ఎదుటివాడి మనసులో ఏముందో రిఫరీకి కనిపించదు, ఒళ్లు కనిపిస్తుంది. కనిపించేదాని మీద తీర్పును నిలబెట్టిన ఈ నేర్పు నాకెంతో ఇష్టం.

2019 నాటి నియమ పాఠంలో, పడుతున్నప్పుడు ఒంటికీ నేలకూ మధ్య ఊతంగా పెట్టిన చేతిని ప్రత్యేకంగా పేర్కొని మినహాయించారు. 2021లో అలాంటి వివరాలన్నిటినీ తీసేసి, కదలికకు తగినదా కాదా అన్న ఒక్క ప్రశ్నలోకి కుదించారు. పడేవాడి చెయ్యి ఇప్పటికీ ఆ ప్రశ్న నీడలో భద్రంగానే ఉంది.

ఇంతకీ చెయ్యి ఎక్కడ మొదలవుతుంది? చంక అడుగుకు సమంగా ఒక గీత ఊహించుకోమంటుంది నియమం. గీతకు పైన భుజం, దానితో గోల్ కూడా కొట్టొచ్చు. కిందిదంతా చెయ్యి.

మొదట్లో ఆట ఇలా లేదు. 1863లో లండన్‌లో ఫుట్‌బాల్ అసోసియేషన్ నియమాలు రాసుకున్నప్పుడు బంతిని చేత్తో పట్టుకోవడానికి కొంత అనుమతి ఉండేది. చేతబట్టుకుని పరుగెత్తడం, ఎదుటివాడి కాళ్ల మీద తన్నడం కుదరవన్నందుకు బ్లాక్‌హీత్ క్లబ్ బయటికి వెళ్లిపోయింది. ఆ క్లబ్ పట్టుకున్న, చేతులదే రాజ్యమైన ఆట, రగ్బీ, మన ప్రేక్షకుల్లో చాలామందికి 2004లో రాజమౌళి తీసిన 'సై'తో పరిచయమైంది.

గోల్‌కీపర్‌కిచ్చిన మినహాయింపునూ మెల్లగానే చెక్కుకుంటూ వచ్చారు. 1912 దాకా అతను తన సగం మైదానంలో చేతులు వాడొచ్చు, తర్వాత పెనాల్టీ ఏరియాకే పరిమితం. హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్ అంతటి కీపర్‌కైనా ఆ ఏరియా దాటితే అందరికీ ఉన్న నియమమే. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించినప్పుడు మన గోల్ దగ్గర నిలబడ్డది ఆయనే. జట్టును తీర్చిదిద్దింది హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం.

గోల్ కొట్టేవాడి విషయంలో నియమం ఇంకా కఠినం. తెలియక తగిలినా సరే, బంతి అతని చేతి నుంచి నేరుగా వెళ్లినా, తగిలిన వెంటనే అతను గోల్ కొట్టినా అది చెల్లదు. 2019లో సహచరుడి చేతికి పొరపాటున తగిలి గోల్ అవకాశం వచ్చినా చెల్లదన్నారు. అది అతి అయింది, 2021లో సరిదిద్దారు. రాసినదాన్ని విప్పి మళ్లీ కుట్టడానికి సంకోచించని ఆ గుణాన్ని గౌరవించాలి.

శిక్షలోనూ అదే శ్రద్ధ. 2010 ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్లో, అదనపు సమయం ముగుస్తుండగా, ఘనా కొట్టిన బంతిని ఉరుగ్వే ఆటగాడు సువారెజ్ గోల్ గీత మీద చేతులతో ఆపాడు. ఎర్ర కార్డు, పెనాల్టీ. ఘనా ఆటగాడు గ్యాన్ కొట్టిన బంతి బార్‌కు తగిలింది, చివరికి ఉరుగ్వే గెలిచింది. కావాలని చేసిన అలాంటి పనికి ఎర్ర కార్డు ఈనాటికీ ఉంది. కావాలని చేయకపోయినా గోల్‌ని ఆపేసిన హ్యాండ్‌బాల్‌కు పెనాల్టీ ఇస్తే మాత్రం, 2024 నుంచి పసుపు కార్డుతో సరిపెడుతున్నారు. పోయిన అవకాశం పెనాల్టీ రూపంలో ఎదుటి జట్టుకు తిరిగి అందింది కనుక, మనసులో చెడు లేనివాణ్ణి మైదానం నుంచి పంపేయడం అనవసరం.