వాన వెలిసిన రోజు మగ్గం ఆగాలి

వారాల ముసురు వదిలి ఎండ కాసిన మొదటి రోజున ధర్మవరం నేతగాళ్లు అరుగుల మీద కూర్చుని కనిపిస్తే పని ఎగ్గొట్టారనుకోవడం సులువు. ఆ ఎండలో కూర్చోవడం పట్టునేతలో భాగమేనని, అందుకు వాళ్లు ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేదని నా వాదన. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన సక్రమంగా పడితే చాలనుకునే జిల్లాలో ఎండను మెచ్చుకోవడమేమిటని హిందూపురం, పెనుకొండ రైతులు అడగొచ్చు. అడగాల్సిందే. చెరువు మరవ పారుతోందంటే పిల్లాజెల్లాతో చూడ్డానికి పోయే ఊళ్లు ఇవి. అయితే నంది కొండల్లో పుట్టే చిత్రావతి 2021 నవంబరులో పొంగినప్పుడు చెన్నేకొత్తపల్లి మండలంలో ఏటి మధ్య చిక్కుకున్న పదిమందిని వైమానిక దళం హెలికాప్టర్‌తో ఒడ్డుకు చేర్చాల్సి వచ్చింది. చెరువు నిండిందన్న సంతోషమూ, ఇక తెరిపిస్తే బాగుండన్న కోరికా ఒకే ఇంట్లో ఉంటాయి. వాటి మధ్య పేచీ లేదు.

గుంత మగ్గం ఇంటి నేలలోనే ఉంటుంది. నేతగాడు గట్టున కూర్చుని, కాళ్లు గుంతలోకి దించి చెక్కలు తొక్కుతాడు. వరద గడప దాటి రానక్కర్లేదు, ముసురు పట్టితే నేలలోంచే గుంతలోకి నీళ్లు ఊరతాయి. బకెట్లతో తోడేసినా మట్టి చెమ్మగానే ఉంటుంది. పట్టు తన బరువులో దాదాపు 30 శాతం చెమ్మ తాగినా చేతికి తడి తగలదు. చూపుకు బాగానే ఉన్న ఆ పోగు సాగుతుంది, బలం తగ్గుతుంది. చీర మీద బొమ్మను తీర్చేందుకు పైన వేలాడే చిల్లుల జకార్డు అట్టలు చెమ్మకు ఉబ్బి, సూదులు రంధ్రాల్లో సరిగా దిగకపోతే అంచులోని నెమలి మెడ దగ్గరే తెగిపోతుంది. జరీ నల్లబడుతుంది. ఆ తప్పు షావుకారు చీర మడత విప్పినప్పుడు బయటపడుతుంది, కోత కూలిలో పడుతుంది. కాబట్టి తలుపులు బార్లా తీసి, అట్టలు గాలికి పెట్టి ఊరుకోవాలి. పడుగును ఎండకు పెట్టకూడదు, సూటి ఎండకు పట్టు పసుపెక్కి పెళుసవుతుంది. అది నీడన ఆరాలి. మనిషికి మాత్రం ఎండే కావాలి. చెమ్మగుంతలో నానిన కాళ్లకు, మబ్బు వెలుతురులో పోగులు వెతికిన కళ్లకు అంతకన్నా మంచి వైద్యం లేదు. ఇంట్లో ఆడవాళ్లకు ఆ రోజు తీరిక ఉంటుందని మాత్రం అనలేను. ముక్కవాసన పట్టిన బట్టలు, బొంతలు, చింతపండు, మిరపకాయలు అన్నీ ఆ ఎండకే మిద్దె ఎక్కాలి. అరుగు మీద కూర్చునే ముందు ఆ బొంతలు మోయడం మగవాళ్ల పని కావాలి.

చీరకింత అని కూలి తీసుకునేవాడికి విశ్రాంతి ఎక్కడిది, ముసురులో పోయిన రోజులకు తోడు ఇంకో రోజా అన్నది గట్టి ప్రశ్న. తొందరపడి నేస్తే ఆదా అయ్యేది ఒక రోజు, చీర చెడితే పోయేది ఎన్నో రోజుల కష్టం. గుంత మానేసి స్టాండు మగ్గం పెట్టుకోవచ్చు కదా అని మరికొందరంటారు. కొందరు పెట్టుకున్నారు కూడా. కానీ దానికి డబ్బు కావాలి, ఎత్తయిన కప్పు కావాలి. పైగా ఏప్రిల్ వడగాలికి పోగు పుటుక్కున తెగే ఈ నేలలో, ఎండాకాలమంతా పడుగును కాపాడేది ఆ గుంతలోని చల్లదనమే. కొద్ది వారాల వాన కోసం దాన్ని పూడ్చుకోమనడం నాకు సబబుగా తోచదు.

మగ్గం ఆపి ఆరబెట్టే ఆ రోజు ఖర్చు నేతగాడి ఒక్కడి మీదే పడటం నన్ను బాధపెడుతుంది. 2022-26 విపత్తు సాయం నిబంధనల్లో చేతివృత్తులవారికి పాడైన పనిముట్లకు 5,000 రూపాయలు, పాడైన ముడిసరుకుకో తయారీలో ఉన్న సరుకుకో మరో 5,000 రూపాయలు ఉన్నాయి. విరగని మగ్గానికి, తెగని పడుగుకు, ఊరికే ఆరుతున్న గుంతకు అందులో పద్దు లేదు. పని చేయకూడని రోజులకు డబ్బివ్వడం మనకు కొత్త కాదు. ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధానికి సముద్ర మత్స్యకారులకు రాష్ట్రం భృతి ఇస్తోంది, 2025లో అది 20,000 రూపాయలు. ధర్మవరం మగ్గాలకూ ఆరుదల రోజులు లెక్కగట్టాలి. నీళ్లు తోడిన రోజున కాక, గుంత గోడ మీద చెయ్యి పెడితే పొడిగా తగిలిన రోజున ఆ లెక్క ముగియాలి.